అపెండిసైటిస్‌కి మందులా, ఆపరేషనా? రెండూ చేయించుకున్నాక నా రివ్యూ

అపెండిసైటిస్ అంటే పెద్దపేగు మొదట్లో ఉండే అపెండిక్స్ అనే చిన్న తోక వాచే జబ్బు. దానికి ఉన్న రెండు వైద్యాలూ నా ఒంటి మీదే జరిగాయి. మొదటిసారి యాంటీబయాటిక్స్‌తో తగ్గింది. ఏడాది దాటాక అదే చోట అదే నొప్పి మళ్లీ వచ్చింది. అప్పుడు లాప్రోస్కోపీ ఆపరేషన్, అంటే చిన్న గాట్లతో చేసే కీహోల్ ఆపరేషన్, చేయించుకున్నాను. నేను డాక్టర్ని కాను, పాట నేర్పే మనిషిని. కానీ ఆ మధ్య కాలమంతా ఈ విషయం మీద జరిగిన పెద్ద పరిశోధనలు వెతికి ఓపిగ్గా చదివాను. ఇప్పుడు తెలిసినవాళ్లలో ఎవరికి ఈ నొప్పి వచ్చినా ఫోన్ నాకే వస్తోంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాయడం మేలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆపరేషన్ ఒక్కటే దారి అనే మాట ఇప్పుడు నిజం కాదు. మందులతో ఇక పీడ వదిలిపోతుందన్నదీ సగమే నిజం. మీకు ఏది సరిపోతుందో చాలావరకు తేల్చేది స్కాన్ రిపోర్టులో ఉండే ఒక్క మాట: అపెండిక్స్‌లో రాయి ఉందా, లేదా. రేడియాలజిస్టులు దాన్ని అపెండికోలిత్ అనో ఫీకోలిత్ అనో రాస్తారు. నా మొదటి రిపోర్టులో అది లేదని రాసిన వాక్యం కింద నుంచి రెండో లైనులో ఉంది. అడిగేదాకా నాకు ఎవరూ చూపించలేదు.

నొప్పి ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం: నాకు బొడ్డు చుట్టూ మొదలైంది. గ్యాస్ అనుకునేలాగే ఉంది. తెల్లవారేసరికి కుడివైపు కిందికి దిగి ఒక్కచోట కుదురుకుంది. ఆకలి చచ్చిపోయింది, వాంతి అయింది. దగ్గితే కళ్లలో నీళ్లు తిరిగేవి. కుడికాలు నేల మీద ఆనిస్తే ఆ అదురు కడుపులో తెలిసేది. డాక్టర్ ఆ చోట మెల్లగా నొక్కి ఠక్కున చెయ్యి తీసేశారు. నొక్కినప్పటి కంటే వదిలినప్పుడే ప్రాణం విలవిల్లాడింది. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక మొన దాకా ఒక గీత ఊహించుకుంటే, ఎముక వైపు నుంచి మూడో వంతు దూరంలో ఉంటుంది ఆ చోటు. చార్లెస్ మెక్‌బర్నీ అనే అమెరికన్ సర్జన్ 1889లో దాని గురించి రాశాడు. ఇన్ని స్కాన్లు వచ్చినా డాక్టర్లు ఇప్పటికీ ముందు వేలు పెట్టి చూసేది అక్కడే.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో స్కాన్ తీయకముందే ఆపరేషన్ కాగితాలు చేతికిచ్చారు. ఇంకేదైనా దారి ఉందా అని మా ఆయన అడిగితే "ఆలోచించే టైం లేదండీ, పగిలిపోతుంది" అన్నారు. ఆ మాట విన్నాక ఎవరికి కాళ్లూ చేతులూ ఆడతాయి? మా అక్క నర్సు. ఫోన్‌లో "సంతకం పెట్టకే, ముందు సీటీ స్కాన్ తీయించుకో, పగిలిందో లేదో అందులోనే తెలుస్తుంది" అంది. ఆ పూటే ఇంకో ఆసుపత్రికి మారాం. ఆ మొదటి చోటు పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇది ఒక్క చోట జరిగే పని కాదు. 24 గంటల నొప్పి అని మనవాళ్లు తరతరాలుగా భయపడుతున్న జబ్బు ఇది. ఆ భయం డాక్టర్లలోనూ ఉంది.

ఆ భయానికి కారణం లేకపోలేదు. యాంటీబయాటిక్స్, మంచి మత్తుమందులు లేని రోజుల్లో అపెండిక్స్ పగిలితే మనిషి దక్కడం కష్టమే. కానీ స్కాన్‌లో పగలలేదని, చీము గడ్డ కట్టలేదని తేలిన మామూలు అపెండిసైటిస్‌లో కొన్ని గంటలు ఆగితే ఏమవుతుందో కొలిచి చూశారు. ఫిన్లండ్, నార్వే దేశాల్లో 1,800 మందికి పైగా పేషెంట్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 8 గంటల్లోపు, రెండో గుంపుకి 24 గంటల్లోపు ఆపరేషన్ చేశారు. 2023లో ద లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. పగిలినవి ఒక వైపు 8 శాతం, ఇంకో వైపు 9 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో కూర్చుని రేపు చూద్దాం అనుకోవడానికి ఇది లైసెన్సు కాదు, వాళ్లంతా ఆసుపత్రి చూపులో ఉన్నవాళ్లే. కానీ సీటీ తీయించుకుని, సర్జన్‌తో నిమ్మళంగా మాట్లాడి నిర్ణయం తీసుకోవడానికి మీకు టైం ఉంటుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆ పూట మాకు అంత టెన్షన్ ఉండేది కాదు.

రెండో ఆసుపత్రిలో సర్జన్ సీటీ బొమ్మ కంప్యూటర్ మీద పెట్టి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అపెండిక్స్ మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపు మందం ఉంటుంది, నాది దాదాపు రెట్టింపుకు ఉబ్బి ఉంది. చుట్టూ కొవ్వు మసకబారినట్టు కనిపించింది, అది వాపు గుర్తు. రాయి లేదు, పగుళ్లు లేవు, చీము లేదు. "చూడమ్మా, ఆపరేషన్ చేస్తే ఇవాళ్టితో అయిపోతుంది. మందులు వాడితే పదిమందిలో ఏడుగురు ఈ మూణ్నెల్లూ ఆపరేషన్ లేకుండా గట్టెక్కుతారు. కానీ తర్వాత్తర్వాత ఇంకొందరు మా దగ్గరికి తిరిగి వస్తారు. నువ్వే చెప్పు" అన్నారు. ఒక సర్జన్ అలా అడగడం నాకు కొత్త. ఆయన మీద నా గౌరవం ఈ రోజుకీ తగ్గలేదు.

నేను మందులే అడిగాను. కారణం పరిశోధన కాదు, నా గొంతు. ఆపరేషన్‌కి ఇచ్చే జనరల్ అనస్తీషియాలో, అంటే పూర్తి మత్తులో, గొంతులోకి గొట్టం వేస్తారు. కచేరీ దగ్గర్లో ఉంది, పిల్లల పరీక్షలు ఉన్నాయి. స్వరతంత్రుల మధ్య నుంచి గొట్టం పోతుందంటే పాడేవాళ్లకి గుండె జారుతుంది.

ఆ సర్జన్ చెప్పిన లెక్క ఎక్కడిదో తర్వాత దొరికింది. అమెరికాలో 25 ఆసుపత్రులు కలిసి చేసిన కోడా అనే పరిశోధన అది. 1,552 మంది పెద్దవాళ్లను సగం సగం చేసి, ఒక సగానికి 10 రోజుల యాంటీబయాటిక్ కోర్సు, ఇంకో సగానికి ఆపరేషన్ ఇచ్చారు. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. నెల తిరిగేసరికి ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే రెండు గుంపులూ ఒకేలా చెప్పాయి. మందుల గుంపులో 90 రోజుల్లోపు ఆపరేషన్ అవసరమైనవాళ్లు 29 శాతం. అక్కడితో కథ ఆగలేదు. ఆ తర్వాత వాళ్లనే గమనిస్తూ పోతే ఏడాదికి 40 శాతం, రెండేళ్లకి 46 శాతం, మూడు నాలుగేళ్లకి 49 శాతం మందికి అపెండిక్స్ తీసేయాల్సి వచ్చింది. అంటే ఉరామరిగా సగం మంది. ఆ అంకెను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. సగం మంది ఆపరేషన్ తప్పించుకున్నారు, సగం మంది వాయిదా వేసుకున్నారు. నేను రెండో సగంలో పడ్డాను. మా ఆడపడుచు మొదటి సగంలో ఉంది. తనకి నాకన్నా ముందే వచ్చింది, మందులతో తగ్గింది, ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

దీనికన్నా ముందు ఫిన్లండ్‌లో అపాక్ అనే పరిశోధన జరిగింది. 2015లో జామా పత్రికలో వచ్చింది. అక్కడ రాయి ఉన్నవాళ్లను మొదటే పక్కన పెట్టేశారు, అందరికీ సీటీతో నిర్ధారణ చేశారు. మందుల గుంపులో ఏడాదిలోపు 27 శాతం, అయిదేళ్లకి 39 శాతం మందికి ఆపరేషన్ అయింది. నాకు ధైర్యం ఇచ్చిన విషయం వేరే ఉంది. ముందు మందులు వాడి తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో, ఆ ఆలస్యం వల్ల కడుపులో చీము గడ్డల్లాంటి పెద్ద ఉపద్రవాలేవీ రాలేదని మొదటి ఏడాది ఫలితాల్లో రాశారు. చాలామంది ఇళ్లలో పెద్దవాళ్ల భయం సరిగ్గా ఇదే కదా, మందులతో కాలయాపన చేస్తే రేపు ముదిరిపోతుందేమోనని. రాయి లేనివాళ్ల విషయంలో ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

అపాక్ గురించి ఒక జాగ్రత్త. అందులో అయిదేళ్ల లెక్కన ఆపరేషన్ గుంపులో 24 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చిందని, మందుల గుంపులో 6.5 శాతమేనని కనిపిస్తుంది. ఆ అంకె పట్టుకుని ఆపరేషన్ ప్రమాదం అని వాదించేవాళ్లను చూశాను. అక్కడ చేసిన ఆపరేషన్లు దాదాపు అన్నీ పాత పద్ధతిలో పొట్ట కోసి చేసినవి. కోడాలో 96 శాతం లాప్రోస్కోపీ. ఇప్పుడు మీకు చేసేది కీహోల్ ఆపరేషన్ అయితే ఫిన్లండ్ అంకెతో భయపడటంలో అర్థం లేదు.

ఇక మందుల అనుభవం. బయటికి సులువుగా కనిపిస్తుంది గానీ, మొదటి రెండు రోజులు మనసుకి తేలిక కాదు. సెలైన్ స్టాండ్ పక్కన పడుకుని ఇంజెక్షన్లు ఎక్కించుకుంటూ, నొప్పి తగ్గుతోందా, లేక నాకే అలా అనిపిస్తోందా అని ప్రతి గంటా నన్ను నేనే పరీక్షించుకున్నాను. సర్జన్ పొద్దున, సాయంత్రం వచ్చి పొట్ట నొక్కి చూసేవారు. జ్వరం చార్టు, తెల్ల రక్తకణాల లెక్క చూసేవారు. కోడాలో మందుల గుంపులో 11 శాతం మందికి మొదటి 48 గంటల్లోనే ఆపరేషన్ అయింది, కాబట్టి ఆ రెండు రోజులే అసలు పరీక్ష. మర్నాటి సాయంత్రానికి నాకు దగ్గు వచ్చినా పొట్ట పట్టుకోవాల్సిన పని లేకపోయింది. ఆకలేసింది. అక్కతో ఫోన్‌లో ఆకలేస్తోందని చెబితే "అయితే తగ్గుతున్నట్టే లే" అంది.

తర్వాత ఇంట్లో మాత్రలు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడినవాళ్లకి తెలుసు, నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టు ఒక చేదు. ఏది నోట్లో పెట్టినా అదే రుచి. కడుపు కూడా కాస్త పాడైంది. అయినా కోర్సు మధ్యలో ఆపలేదు, ఆపకూడదు. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. తొందరలోనే పాఠాలు మొదలుపెట్టాను. పనికి దూరమయ్యే రోజుల లెక్కలో మందులదే పైచేయి. కోడాలో సగటున మందుల గుంపు 5.26 రోజులు, ఆపరేషన్ గుంపు 8.73 రోజులు పని మానేశారు. మందుల గుంపులో 47 శాతం మంది అసలు ఆసుపత్రిలో అడ్మిట్ కాకుండానే ఇంటి నుంచి కోర్సు పూర్తి చేశారు.

మందుల వైద్యంలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. కోర్సు అయిపోయాక కుడివైపు చిన్న పోటు వచ్చినా గుండె ఆగినంత పని అవుతుంది. కాళ్లు చాపి పడుకుని, నొక్కి, వదిలి చూసుకోవడం ఒక అలవాటైపోయింది. ప్రయాణం అంటే ముందు అక్కడ ఆసుపత్రి ఎంత దూరం అని చూసేదాన్ని. ఈ బరువు ఏ అంకెలోనూ కనిపించదు. మా ఆడపడుచు మాత్రం ఒక్క రోజు కూడా దాని గురించి ఆలోచించలేదట. మీరు ఎలాంటి మనిషో మీకే తెలుసు. ప్రతిదానికీ ఆరాటపడే స్వభావం అయితే నిర్ణయం తీసుకునేటప్పుడు దాన్ని కూడా లెక్కలో వేసుకోండి, అదేమీ చిన్న విషయం కాదు.

ఇప్పుడు రాయి సంగతి. అపెండిక్స్ ఒక వైపు మూసుకుపోయిన సన్నని గొట్టం. రాయి అంటే గట్టిపడిన మలం ముక్క, అది దాని నోటికి బిరడాలా అడ్డం పడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, రక్తం అందదు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. మందులు సూక్ష్మజీవుల్ని చంపగలవు గానీ ఆ బిరడాను తీయలేవు. కోడాలో నాలుగో వంతుకు కొంచెం పైగా మందికి రాయి ఉంది. వాళ్లలో మందులు వాడినవాళ్లకి 90 రోజుల్లో 41 శాతం మందికి ఆపరేషన్ తప్పలేదు, రాయి లేనివాళ్లలో అది 25 శాతం. ఉపద్రవాల లెక్క ఇంకా గట్టిగా చెబుతుంది. రాయి ఉండి మందులు వాడిన ప్రతి వందమందికీ 20 ఉపద్రవాలు. రాయి లేకుండా మందులు వాడిన వందమందికి నాలుగు కూడా లేవు, అది ఆపరేషన్ గుంపుతో సమానం. ఇంతకన్నా తేటతెల్లంగా ఏ పరిశోధన చెప్పగలదు? అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను అడిగే మొదటి ప్రశ్న రాయి గురించే.

నా దగ్గర పాట నేర్చుకునే ఒక అమ్మాయికి ఈ మధ్యే అపెండిసైటిస్ వచ్చింది, రాయి ఉందన్నారు. మీరు మందులతో తగ్గించుకున్నారు కదండీ, మేమూ అదే చేస్తాం అని వాళ్ల నాన్న అన్నారు. వద్దని గట్టిగా చెప్పాను, సర్జన్ కూడా అదే చెప్పారు. ఆపరేషన్ చేస్తే అపెండిక్స్ మొదలు నల్లబడి ఉందట. పిల్ల నెల తిరక్కుండానే క్లాసుకి వచ్చింది. మొత్తంగా పిల్లల విషయంలోనూ లెక్క ఆపరేషన్ వైపే మొగ్గుతుంది. 2025లో ద లాన్సెట్‌లో వచ్చిన పరిశోధనలో 5 నుంచి 16 ఏళ్ల పిల్లలు 936 మందిని చూస్తే, ఏడాదిలో మందులు విఫలమైంది 34 శాతం, ఆపరేషన్ విఫలమైంది 7 శాతం. ప్రాణాలకైతే ఎవరికీ ముప్పు రాలేదు. తల్లిదండ్రులు మందులు ఎంచుకుంటే తప్పు పట్టను. పిల్ల మళ్లీ ఆ నొప్పి పడే అవకాశం మూడింట ఒక వంతు దాకా ఉందని తెలిసి ఎంచుకుంటే చాలు.

నాకు నొప్పి తిరిగి వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి పెద్ద టైం పట్టలేదు. అదే సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఈసారి కూడా రాయి లేదు, కావాలంటే మళ్లీ మందులు ప్రయత్నించవచ్చన్నారు. నేనే వద్దన్నాను. ఒకసారి తిరిగి వచ్చిన దానితో రోజూ కాపురం చేసే ఓపిక నాకు లేదు.

మత్తు డాక్టర్‌కి నా పని గురించి చెప్పాను. ఆయన దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. కాస్త సన్నని గొట్టం వాడతానని, తీసేటప్పుడు జాగ్రత్త పడతానని చెప్పి కేస్ షీట్ మీద పెద్ద అక్షరాలతో సింగర్ అని రాసుకున్నారు. గొంతుతో పని ఉన్న టీచర్లు, పాడేవాళ్లు, పొద్దస్తమానం మాట్లాడే ఉద్యోగాల వాళ్లు ఈ మాట తప్పకుండా ముందే చెప్పండి. అడగందే ఎవరికీ తెలియదు.

లాప్రోస్కోపీ అంటే మూడు చిన్న గాట్లు. నాకు ఒకటి బొడ్డులో, ఒకటి పొత్తికడుపు కింద, ఒకటి ఎడమ పక్కన. కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పొట్ట ఉబ్బించి, కెమెరా పెట్టి చేస్తారు. ఈ పద్ధతిలో మొదటి అపెండిక్స్‌ను 1980లో జర్మనీలో కుర్ట్ జెమ్ తీశాడు. ఆయన సర్జన్ కాదు, స్త్రీల వైద్యుడు. ఆ రోజుల్లో తోటి సర్జన్లు ఆయన్ని తీవ్రంగా తప్పుపట్టారు. ఇవాళ నా పొట్ట మీద మచ్చలు వెతికితే గానీ కనపడవు. ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మెలకువ వచ్చాక నన్ను బాధపెట్టింది పొట్ట కాదు, కుడి భుజం. ఎవరో ఎముకలో మేకు దింపినట్టు పోటు. లోపల మిగిలిన వాయువు డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) కింద చేరితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందని నర్సు చెప్పేదాకా గుండెకి ఏమైనా అయిందేమోనని హడలిపోయాను. లేచి నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. దీని గురించి ఆపరేషన్‌కి ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా. మంచం మీద నుంచి నిటారుగా లేవకుండా, పక్కకి ఒత్తిగిలి, చేత్తో నొక్కుకుని లేస్తే గాట్లు లాగవు. దగ్గు వస్తే దిండు పొట్టకి అదిమి పట్టుకోండి. ఈ రెండూ అక్క నేర్పినవే. గొంతు రెండు మూడు రోజులు గరగరలాడింది, అంతే. అసలు కష్టం ఊపిరి దగ్గర వచ్చింది. పొట్ట కండరాల దన్నుతో పాడేదాన్ని కాబట్టి దీర్ఘంగా ఒక స్వరం పట్టుకుంటే బొడ్డు దగ్గర కుట్టు లాగేది. పూర్తి ఊపిరితో తారస్థాయిలో పాడటానికి నెలకు పైగానే పట్టింది. కూర్చుని చేసే ఉద్యోగాలకి ఇంత పట్టదు. బరువులెత్తే పని అయితే మాత్రం ఎన్ని వారాలు ఆగాలో సర్జన్‌ని స్పష్టంగా అడిగి తెలుసుకోండి.

ఆ నెల గడిచాక నాకు దొరికిన నిశ్చింత మాత్రం మందులు ఇవ్వలేకపోయాయి. కుడివైపు పోటు వస్తే ఇప్పుడు అది గ్యాసే.

మందుల వైపు వెళ్లకూడనివాళ్లు ఉన్నారు. అపెండిక్స్ పగిలి కడుపంతా ఇన్ఫెక్షన్ పాకినవాళ్లు, ఒంట్లో ఇమ్యూనిటీ తగ్గినవాళ్లు, గర్భిణులు. ఈ పరిశోధనలు వీళ్లను చేర్చుకోలేదు, కాబట్టి ఆ అంకెలు వీళ్లకి వర్తించవు. చీము గడ్డ కట్టిన కేసులు వేరే దారి, అక్కడ ముందు చీము తీసి తర్వాత ఆలోచిస్తారు. నలభై దాటినవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. అపెండిసైటిస్‌లా కనిపించేదాని వెనక అరుదుగా కణితి ఉంటుంది. చీము గడ్డ కట్టిన నలభై పైబడినవాళ్లలో అది అనుకున్నదానికన్నా చాలా ఎక్కువగా బయటపడటంతో ఫిన్లండ్‌లో ఒక పరిశోధననే మధ్యలో ఆపేశారు. ఆ వయసులో మందులతో తగ్గినా అక్కడితో వదిలేయకుండా మళ్లీ స్కాన్, కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) అవసరమా అని అడగాలి.

సర్జన్ అందుబాటులో లేని చోట పనిచేసేవాళ్లు కూడా ఆలోచించుకోవాలి. ఓడల మీద, గనుల్లో, కొండల్లో ఉండేవాళ్లకి సగం మందికి తర్వాత ఆపరేషన్ తప్పలేదన్న అంకె వేరేగా వినిపిస్తుంది. 1961లో అంటార్కిటికాలో సోవియట్ డాక్టర్ లియొనీద్ రోగొజోవ్‌కి అపెండిసైటిస్ వచ్చింది. వయసు 27. ముందు యాంటీబయాటిక్స్ వాడి చూశాడు, తగ్గలేదు. ఆ స్థావరం మొత్తానికి డాక్టర్ అతనొక్కడే. చివరికి తోటివాళ్లు అద్దం పట్టుకుంటే, పొట్టకి మాత్రమే మత్తు ఇచ్చుకుని తన అపెండిక్స్ తనే తీసుకున్నాడు. బతికాడు, రెండు వారాల్లో పనిలోకి దిగాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆసుపత్రికి గంట దూరంలో ఉన్నవాళ్లకి మందులు ఒక మంచి అవకాశం. నెలల తరబడి ఎవరూ అందని చోటికి వెళ్లబోయేవాళ్లు బయల్దేరేముందు తీయించుకోవడమే మేలు.

మార్కులు వేయమంటే: రాయి లేని పెద్దవాళ్లకి, ఆసుపత్రి దగ్గర్లో ఉంటే, యాంటీబయాటిక్స్‌కి 5కి 4. రాయి ఉంటే 5కి 1, ఆ ఒక్కటి కూడా ఆపరేషన్‌కి ఒళ్లు తట్టుకోలేనివాళ్ల కోసం. లాప్రోస్కోపీకి 4.5. ఆ అర మార్కు భుజం నొప్పి గురించి ఎవరూ చెప్పనందుకు, పాడలేకపోయిన ఆ నెలకి. నొప్పి తిరిగి వచ్చింది కాబట్టి మొదట మందులు ఎంచుకోవడం దండగ అని నేను అనుకోను. ఆ కచేరీ చేశాను, పిల్లల పరీక్షలు అయ్యాయి, రెండోసారి మాకు వీలైన సమయంలో, కంగారు లేకుండా ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లాను. అదే పరిస్థితి మళ్లీ వస్తే మళ్లీ అలాగే చేస్తాను.

మందులతో ఇంటికి వచ్చినవాళ్లకి: జ్వరం పెరిగినా, నొప్పి కడుపంతా పాకినా, వాంతులు ఆగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే వెళ్లండి. సీటీ రిపోర్టు ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి, ఏడాది తర్వాత నొప్పి వస్తే సర్జన్ మొదట అడిగేది అదే. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. తీసిన అపెండిక్స్‌ను ల్యాబుకి పంపుతారు, ఫలితం రావడానికి రోజులు పడుతుంది, ఈలోగా మనం డిశ్చార్జి అయిపోతాం. నాది కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు కూడా ఫైల్లో లేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే పంపారు. కణితి ఏమీ లేదు, మామూలు వాపే అని రాసి ఉంది.